సర్వేనా, కేస్ స్టడీనా, ప్రయోగమా: నిర్వహణ పరిశోధనకు ఏ దారి?

వ్యాపార నిర్వహణలో పరిశోధన మొదలుపెట్టేవారు సలహా కోసం వచ్చినప్పుడు తరచు ఒకే మాట వింటుంటాను: "ప్రశ్నావళి తయారైంది. 384 మందిని తీసుకుంటున్నాను." ఇంతకీ తెలుసుకోవాలనుకున్నది ఏమిటని అడిగితే మాత్రం కాస్త తడబడతారు. తాళంచెవి ముందు చేయించుకుని, దానికి తగిన తలుపు కోసం వెతుకుతున్నట్టు ఉంటుంది. శీర్షిక కూడా అప్పటికే ఖాయమై ఉంటుంది: "జాతీయ సుస్థిరాభివృద్ధిలో ఫలానా విధానం పాత్ర". ఫలానా అన్న చోట ఏ మాట పెట్టినా ఆ శీర్షిక చెల్లిపోతుంది. చిక్కంతా అక్కడే ఉంది.

పద్ధతులను పరిచయం చేసే పాఠ్యపుస్తకాలకు కొదవ లేదు. ప్రతి పద్ధతికీ నాలుగు లాభాలు, నాలుగు నష్టాలు రాసి అన్నింటినీ సమానంగా కూర్చోబెడతాయి. చదివినవాడికి ఏది ఎంచుకోవాలో తెలియదు. ఇక్కడ ఐదు దారులను పక్కపక్కన పెట్టి, ఏది ఎవరికి నప్పుతుందో, ఎక్కడ మోసం చేస్తుందో చెబుతాను. నా మొగ్గు ఎటో కూడా దాచను.

ముందు నిర్ణయం, తరవాత పద్ధతి

శుద్ధ పరిశోధనకూ అనువర్తిత పరిశోధనకూ తేడా ఆచరణలో ఒక్కచోట తేలుతుంది. అనువర్తిత పరిశోధన పూర్తయ్యాక ఎవరో ఒకరు ఏదో ఒక పనిని ఇంతకు ముందులా కాకుండా వేరేగా చేయాలి. అందుకే పద్ధతి జోలికి వెళ్లకముందే ఒక వాక్యం రాసుకోమంటాను: ఈ ఫలితం చూశాక ఎవరు, ఏ నిర్ణయం మార్చుకుంటారు? "విధాన నిర్ణేతలు" అని రాస్తే లెక్కలోకి రాదు. పదవి పేరు రాయాలి: కర్మాగారం మేనేజరు, బ్యాంకులో చిన్న పరిశ్రమల రుణాలు చూసే అధికారి, పెద్ద సంస్థలో కొనుగోళ్ల విభాగాధిపతి. నిర్ణయం కూడా అంత విడిగానే ఉండాలి: బాయిలరు మార్చాలా వద్దా, సరఫరాదారులకు శిక్షణ ఇవ్వాలా లేక జరిమానా వేయాలా, రుణానికి హామీ అడగాలా మానాలా.

ఈ వాక్యం కుదిరితే పద్ధతి సగం దానంతటదే తేలుతుంది. నిర్ణయం "ఎంతమందికి", "ఎంత మేరకు" అన్న అంకె మీద ఆధారపడి ఉంటే సర్వే వైపు వెళ్లాలి. "అన్నీ ఉన్నా ఎందుకు సాగడం లేదు" అన్నదాని మీద ఉంటే కేస్ స్టడీ వైపు, అంటే కొద్ది సంస్థలనే తీసుకుని లోపలి నుంచి లోతుగా చూడడం వైపు. "ఈ మార్పు చేస్తే ఫలితం వస్తుందా, రాదా" అన్నది ప్రశ్న అయితే ప్రయోగమే సరైన చోటు.

సుస్థిరాభివృద్ధి అన్న మాటనూ ఇలాగే కుదించాలి. గ్రో హార్లెమ్ బ్రున్‌ట్లాండ్ అధ్యక్షతన పనిచేసిన ఐక్యరాజ్యసమితి కమిషన్ 1987లో ఇచ్చిన నిర్వచనాన్ని, అంటే రాబోయే తరాల అవసరాలకు గండి కొట్టకుండా నేటి అవసరాలు తీర్చుకోవడాన్ని, ప్రతి థీసిస్ మొదటి అధ్యాయంలో చూస్తాం. నిర్వచనం మంచిదే, కానీ దాన్ని కొలవలేం. 2015లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన 17 లక్ష్యాలూ వాటి కింద ఉన్న 169 ఉపలక్ష్యాలూ పరిశోధకుడికి ఎక్కువ పనికొస్తాయి. వాటిలో ఒక్కదాన్ని పట్టుకోండి. ఉదాహరణకు 12వ లక్ష్యంలోని ఐదో అంశం వ్యర్థాల ఉత్పత్తిని తగ్గించడం గురించి. వ్యర్థాన్ని తూకం వేయవచ్చు. "సుస్థిరత"ను ఏ కాటా మీదా పెట్టలేం.

సర్వే: అందరూ ఎక్కే బండి

సర్వేకున్న ఆదరణకు కారణం తెలిసిందే. ఖర్చు తక్కువ, ఫారం పంపితే జవాబులు వస్తాయి, సాఫ్ట్‌వేర్‌లో వేస్తే పట్టికలు వస్తాయి, అధ్యాయం నిండుతుంది. పరీక్షకులకూ అలవాటైన రూపం.

ముందు ఆ 384 సంగతి చూద్దాం. 1970లో క్రెజ్సీ, మోర్గాన్ ప్రచురించిన పట్టిక నుంచి ఈ సంఖ్య పాకింది. దాని వెనుక లెక్క చిన్నదే: 1.96ను దానితోనే గుణించి, ఆ వచ్చినదాన్ని 0.25తో గుణించి, 0.05 వర్గంతో భాగిస్తే 384.16 వస్తుంది. అంటే చాలా పెద్ద జనాభాలో ఒక విషయం ఎంత శాతం మందికి వర్తిస్తుందో 95 శాతం నమ్మకంతో, అటూ ఇటూ ఐదు శాతం తేడాలో అంచనా వేయడానికి ఇంతమంది చాలు. అయితే వారిని యాదృచ్ఛికంగా, అంటే లాటరీ తీసినట్టు ఎంపిక చేయాలి. తెలిసినవాళ్ల ఫోన్లకు లింకు పంపి 384 జవాబులు పోగుచేస్తే ఆ సంఖ్యకు ఏ మహిమా ఉండదు. పోనీ సంఖ్య పెంచితే దోషం పోతుందా? 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికల ముందు లిటరరీ డైజెస్ట్ పత్రిక సుమారు కోటిమందికి కార్డులు పంపింది, ఇరవై లక్షలకు పైగా జవాబులు వచ్చాయి. లాండన్ గెలుస్తాడని చెప్పింది. రూజ్‌వెల్ట్ భారీ ఆధిక్యంతో గెలిచాడు. కార్డులు ఎవరికి చేరాయి, చేరినవారిలో ఎవరు తిరిగి పంపారు అన్నదే ఫలితాన్ని తారుమారు చేసింది.

రెండో లోపం దీనికన్నా లోతైనది. ఒకసారి ఒక పరిశోధక విద్యార్థినితో కలిసి ఒక మధ్యతరహా కర్మాగారానికి వెళ్లాను. ముందురోజు ఆమె ఇరవై ప్రశ్నావళులు ఇచ్చి వచ్చింది. మేము వెళ్లేసరికి ఇరవైకి ఇరవై నింపి, క్లిప్పు పెట్టి ఉన్నాయి. అన్నింట్లో ఒకే నీలి సిరా. టిక్కు పెట్టిన తీరూ ఒకటే, చివరన తోక కొంచెం కిందికి విరిగి ఉంది. "మా సంస్థ ఇంధనాన్ని పొదుపుగా వాడుతుంది" అన్న వాక్యం ఎదుట ఇరవై చోట్లా 5, అంటే పూర్తిగా ఒప్పుకుంటున్నట్టు. జవాబిచ్చేవారు చదివి రాస్తున్నారో లేదో పట్టుకోవడానికి ఆమె తెలివిగా మూడో పేజీలో "మా సంస్థలో ఇంధన వృథా ఎక్కువ" అన్న వాక్యమూ పెట్టింది. దానికీ ఇరవై చోట్లా 5. అక్కడి గుమాస్తా ఎంతో మర్యాదగా చెప్పారు: "అందరూ పనిలో ఉన్నారండీ, మీకు ఆలస్యం కాకూడదని నేనే నింపేశాను." ఆయన బల్ల మీద పన్నెండు నెలల విద్యుత్ బిల్లులు దారంతో కట్టి ఉన్నాయి. మేము వెతుక్కుంటూ వచ్చిన జవాబు ఆ కట్టలో ఉంది.

ఇంత మొరటుగా జరగనప్పుడు కూడా సమస్య ఉండనే ఉంటుంది. ఒకే వ్యక్తిని, ఒకే కాగితం మీద, ఒకే పూట "మీ నాయకత్వం పర్యావరణ స్పృహ ఉన్నదేనా" అనీ "మీ సంస్థ పనితీరు బాగుందా" అనీ అడిగితే ఆ రెండింటి మధ్య సంబంధం కనిపించక మానదు. ఆ రోజు ఆయన మనసు బాగుంటే రెండూ బాగుంటాయి. దానికి గణాంక పరీక్షలు ఎన్ని తొడిగినా లోపల ఉన్నది అదే. క్రోన్‌బాక్ ఆల్ఫా 0.7 దాటిందని సంబరపడేవారికి ఒక మాట: ప్రశ్నలకు వచ్చిన జవాబులు ఒకదానితో ఒకటి పొసగుతున్నాయని మాత్రమే అది చెబుతుంది, అవి నిజమని చెప్పదు. ఆ గుమాస్తాగారు ఒక్కో ఫారానికి అంకెలు కాస్త మార్చి, మూడో పేజీని కూడా చదివి పొసగేలా నింపి ఉంటే ఆల్ఫా దివ్యంగా వచ్చేది.

మరి సర్వే ఎప్పుడు సరైనది? తెలుసుకోవాలనుకున్నదే మనుషుల తలలో ఉన్నప్పుడు. చిన్న సరఫరాదారులకు కర్బన ఉద్గారాల లెక్క ఇవ్వాలన్న షరతు గురించి తెలుసా? రుణ పథకం ఉందని తెలిసీ ఎందుకు దరఖాస్తు చేయలేదు? ఉద్యోగులు కొత్త నియమాన్ని న్యాయమైనదిగా భావిస్తున్నారా? వీటికి బిల్లుల కట్టలో జవాబు దొరకదు. అలాంటప్పుడు సర్వే చేయండి. పేర్ల జాబితా సంపాదించి, లాటరీ తీసి, 150 మందిని వెంటపడి పలకరించినా చాలు. వెయ్యిమందికి లింకు పంపడం కన్నా అది మేలు.

ఉన్న లెక్కలు: తక్కువగా వాడుకుంటున్న గని

విద్యుత్ బిల్లులు, కొనుగోలు రసీదులు, వార్షిక నివేదికలు, ప్రభుత్వ గణాంకాలు, ప్రపంచ బ్యాంకు అనేక దేశాల్లో సంస్థలను అడిగి సేకరించే ఎంటర్‌ప్రైజ్ సర్వేలు. వేరొకరు వేరే పని కోసం ముందే సేకరించి పెట్టిన ఇలాంటి సమాచారాన్ని ద్వితీయ దత్తాంశం (సెకండరీ డేటా) అంటారు. ఆ పేరు వల్లనేమో, చాలామంది దీన్ని రెండో తరగతి సరుకుగా చూస్తారు. ఒంటరిగా, ఏడాది గడువుతో పనిచేసేవారికి నేను మొదట చూపించేది ఇదే. కాలంతో పాటు వచ్చిన మార్పు ఇందులో కనిపిస్తుంది. సర్వే ఒక్క రోజు ఫోటో అయితే ఇది పదేళ్ల డైరీ. పైగా మిమ్మల్ని మెప్పించడానికి రాసింది కాదు.

కానీ ఆ డైరీ ఎవరు, ఎందుకు రాశారో చూడాలి. బిల్లు డబ్బు వసూలు కోసం రాసింది కాబట్టి అందులో యూనిట్లు సరిగ్గానే ఉంటాయి. సుస్థిరత నివేదిక మెప్పు కోసం రాసింది కాబట్టి అందులో చెట్లు నాటిన ఫోటోలు ఉంటాయి. సంస్థలకు పర్యావరణ, సామాజిక, పాలనా ప్రమాణాల మీద మార్కులు వేసే రేటింగులు చాలామంది థీసిస్‌లకు ఊతం. ఆరు రేటింగ్ సంస్థల మార్కులను పోల్చి 2022లో బెర్గ్, కోల్‌బెల్, రిగోబోన్ ప్రచురించిన అధ్యయనంలో వాటి మధ్య సగటు సహసంబంధం (ఒకటి అయితే పూర్తి పొంతన, సున్నా అయితే పొంతనే లేనట్టు) 0.54 మాత్రమే అని తేలింది. రుణ యోగ్యత రేటింగుల్లో ఇది ఒకటికి చాలా దగ్గరగా ఉంటుంది. అంటే మీరు ఏ సంస్థ మార్కులు కొన్నారన్నదాన్ని బట్టి మీ ముగింపు మారిపోవచ్చు. 2015 సెప్టెంబరులో ఫోక్స్‌వాగన్ డీజిల్ కార్ల ఉద్గారాల మోసం బయటపడిన నెలలోనే ఆ సంస్థ డౌ జోన్స్ సుస్థిరతా సూచీలో తన రంగానికి అగ్రగామిగా ఉంది. తరవాత తొలగించారు.

దేశాల ర్యాంకుల సంగతీ అంతే. వ్యాపారం చేయడంలో సౌలభ్యంపై ప్రపంచ బ్యాంకు ఏటా ఇస్తూ వచ్చిన ర్యాంకుల ఆధారంగా ఎన్ని వ్యాసాలు వచ్చాయో లెక్కలేదు. 2018, 2020 నివేదికల దత్తాంశంలో అవకతవకలు బయటపడి, 2021 సెప్టెంబరులో బ్యాంకే ఆ నివేదికను నిలిపివేసింది.

నా సలహా సూటిగా: మార్కులు, ర్యాంకులు, సూచీల కన్నా భౌతిక కొలతలు ఎంచుకోండి. కిలోవాట్-గంటలు, టన్నులు, లీటర్లు, ప్రమాదాల సంఖ్య, మానేసిన ఉద్యోగుల సంఖ్య. వాటిలోనూ ఒక మెలిక ఉంటుంది. ఉద్గారాల లెక్కలో మూడు పరిధులు ఉన్నాయి: సంస్థ తానే కాల్చిన ఇంధనం మొదటిది, కొన్న విద్యుత్తు రెండోది, సరఫరాదారులూ వినియోగదారులూ చేసేది మూడోది. రంగులద్దకం శాఖను మూసేసి ఆ పని బయటివారికి అప్పగించిన సంస్థకు మొదటి పరిధి అంకె అమాంతం తగ్గుతుంది. పొగ మాత్రం పక్క గొట్టంలోంచి వస్తూనే ఉంటుంది. మొదటి పరిధి ఒక్కటే చూసే పరిశోధకుడు ఆ సంస్థను ఆదర్శంగా చూపిస్తాడు.

కేస్ స్టడీ: ఎందుకు అన్న ప్రశ్నకు

1951లో ఎరిక్ ట్రిస్ట్, కెన్ బామ్‌ఫోర్త్ బ్రిటన్ బొగ్గు గనుల గురించి రాసిన పరిశోధన ఈ దారికి నాకు నచ్చిన ఉదాహరణ. గనుల్లోకి యంత్రాలు వచ్చాయి, పని పద్ధతి మారింది, ఉత్పత్తి మాత్రం ఆశించినంత పెరగలేదు, గైర్హాజరు పెరిగింది. లోపలికి వెళ్లి చూస్తే తేలింది ఇది: పాత పద్ధతిలో చిన్న చిన్న జట్లు తమ పని తామే పంచుకునేవి, ఒకరికొకరు ఆసరాగా ఉండేవారు. కొత్త పద్ధతి పనిని ముక్కలు చేసి వేర్వేరు షిఫ్టులకు ఇచ్చి ఆ జట్లను విడగొట్టింది. బామ్‌ఫోర్త్ స్వయంగా గనిలో పనిచేసి వచ్చినవాడు. బయటి నుంచి వచ్చిన ప్రశ్నావళికి ఆ విషయం తట్టేదే కాదు, ఎందుకంటే ఏ ప్రశ్న అడగాలో ముందు తెలియాలి కదా.

కొత్త పర్యావరణ విధానం కాగితం మీద బాగుండి నేల మీద ఎందుకు చతికిలబడిందో తెలుసుకోవాలంటే ఇంతకన్నా మంచి దారి లేదు. పెద్ద లోపం ఎంపికలో ఉంటుంది. విద్యార్థులు విజయగాథలనే ఎంచుకుంటారు, తలుపులు తీసేది గెలిచిన సంస్థలే కాబట్టి. ప్రజాసంబంధాల అధికారి కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి చెప్పింది రాసుకొచ్చి దాన్ని కేస్ స్టడీ అంటారు. జంటగా ఎంచుకోండి: ఒకే రంగం, ఒకే పరిమాణం, ఒకే నియమాలు ఉన్న రెండు సంస్థల్లో ఒకటి నిలదొక్కుకుంది, రెండోది వదిలేసింది. వదిలేసినచోట దొరికే సమాచారం బంగారం. అక్కడ పాత ఉద్యోగులే మాట్లాడతారు, వాళ్లకు దాచేదేమీ ఉండదు. సంఖ్య విషయంలో, కేసుల నుంచి సిద్ధాంతం కట్టడంపై 1989లో రాసిన ప్రసిద్ధ వ్యాసంలో కాథ్లీన్ ఐసెన్‌హార్ట్ నాలుగు నుంచి పది వరకు అంటే పని సాధారణంగా సాగుతుందన్నారు. ఒంటరి పరిశోధకుడికి నాలుగే ఎక్కువ.

ఇది దేశం మొత్తానికి వర్తిస్తుందా అని పరీక్షకులు అడుగుతారు. వర్తించదు. ఎలా జరిగిందన్న తీరు మాత్రం వర్తించవచ్చు. ఈ తేడా రెండు వాక్యాల్లో చెప్పగలిగేలా సిద్ధపడి వెళ్లండి.

యాక్షన్ రీసెర్చ్: లోపల ఉన్నవారికి

చూసి రాయడం కాకుండా, మార్పు చేస్తూ, ఫలితం గమనిస్తూ, మళ్లీ సరిదిద్దుతూ పోవడం ఈ పద్ధతి. కర్ట్ లెవిన్ 1940లలో దీనికి పేరూ రూపమూ ఇచ్చాడు. ఉద్యోగం చేస్తూ పరిశోధన చేసేవారికి, అంటే తన విభాగంలోనే ఏదైనా మార్చగల అధికారం ఉన్నవారికి, ఇది సహజమైన దారి. బయటి విద్యార్థి దీని జోలికి వెళ్లకపోవడం మంచిది. మార్పు మధ్యలో ఉండగా అనుమతి ఇచ్చిన అధికారి బదిలీ అయితే పరిశోధన అక్కడితో ఆగిపోతుంది.

దీని బలమూ బలహీనతా రెండూ చిన్న రుణాల కథలో కనిపిస్తాయి. 1976లో బంగ్లాదేశ్‌లోని జోబ్రా గ్రామంలో ఆర్థికశాస్త్ర ఆచార్యుడు ముహమ్మద్ యూనస్ హామీ లేకుండా చిన్న రుణాలు ఇచ్చి చూశారు. తిరిగి చెల్లిస్తారా అన్నదే ప్రశ్న. చెల్లించారు. చేస్తూ సరిదిద్దుకుంటూ పోగా 1983లో గ్రామీణ్ బ్యాంకు ఏర్పడింది, 2006లో ఆయనకూ బ్యాంకుకూ నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. ఒక సర్వేతో ఇది ఎన్నటికీ తేలేది కాదు, ఎందుకంటే ఇచ్చి చూస్తేనే తెలిసే సంగతి. కానీ దాని నుంచి "చిన్న రుణాలు పేదరికాన్ని తొలగిస్తాయి" అన్న పెద్ద వాక్యం పుట్టింది. అది వేరే ప్రశ్న. దానికి జవాబు వేరే పద్ధతిలో, దశాబ్దాల తరవాత వచ్చింది. బోస్నియా, ఇథియోపియా, భారత్, మెక్సికో, మంగోలియా, మొరాకోలలో జరిగిన ఆరు యాదృచ్ఛిక ప్రయోగాలు 2015లో ఒకేచోట ప్రచురితమయ్యాయి. కొందరికి వ్యాపారం విస్తరించుకునే వీలు కలిగింది, కానీ సగటు కుటుంబ ఆదాయం, జీవనం మారిపోయిన దాఖలా లేదు. మొదటి పరిశోధన తప్పని కాదు. అది అడిగిన ప్రశ్నకు సరైన జవాబే ఇచ్చింది. అడగని ప్రశ్నకు కూడా దాన్నే జవాబుగా చూపడం దగ్గర లెక్క తప్పింది.

యాక్షన్ రీసెర్చ్ చేసేవారు ఒక జాగ్రత్త తీసుకోవాలి: మార్పు మీరు చేసినా, కొలత మాత్రం మరొకరి చేత చేయించండి. తన పేపరు తానే దిద్దుకున్నవాడికి ఎప్పుడూ మంచి మార్కులే.

ప్రయోగం: ఖరీదైనది, ఒక్కోసారి తప్పనిది

కొన్ని యూనిట్లలో (మిల్లులు, దుకాణాలు, శాఖల వంటివాటిలో) మార్పు చేసి, మిగతావాటిలో చేయకుండా, ఎందులో చేయాలో లాటరీ తీసి నిర్ణయించడం. ఈ తరహా పనికే అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డుఫ్లో, మైకేల్ క్రెమర్‌లకు 2019లో ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది. నిర్వహణ రంగంలో నికొలస్ బ్లూమ్, డేవిడ్ మెకెంజీ, వారి సహచరులు ముంబయి పరిసరాల్లోని నేత మిల్లుల్లో చేసిన ప్రయోగం చూడదగినది. ఒక బృందానికి సలహాదారులు అయిదు నెలలు తోడుండి నిల్వల నమోదు, నాణ్యత లెక్క, యంత్రాల మరమ్మతు వంటి 38 పద్ధతులు అమలు చేయించారు. రెండో బృందానికి ఒక నెల పరిశీలన మాత్రమే. 2013లో ప్రచురించిన ఫలితం: మొదటి ఏడాదిలోనే ఉత్పాదకత 17 శాతం పెరిగింది. మొత్తం సంస్థలు 17 మాత్రమే. అంత తక్కువ సంఖ్యతో నెగ్గుకు రావడానికి వారు వారం వారం కొలతలు తీసుకున్నారు. తక్కువ యూనిట్లు ఉన్నవారు గమనించవలసిన కిటుకు ఇది: యూనిట్లు పెంచలేకపోతే కొలతల సంఖ్య పెంచండి.

నాకు ఇంకా ఆసక్తి కలిగించింది తరవాతి కథ. ఎనిమిది, తొమ్మిదేళ్ల తరవాత అదే బృందం మళ్లీ వెళ్లి చూస్తే, అమలు చేయించిన పద్ధతుల్లో దాదాపు సగం వదిలేశారు. మేనేజరు మారడం, యజమానులకు తీరిక లేకపోవడం ప్రధాన కారణాల్లో ఉన్నాయి. అయినా మార్పు పొందని మిల్లులతో పోలిస్తే తేడా మిగిలే ఉంది. సుస్థిరత అంటే నిలబడడమే కదా. మొదటి ఏడాది అంకెతో ఆగిపోయే పరిశోధన ఆ మాట వాడుకునే హక్కు సగం పోగొట్టుకుంటుంది.

ప్రయోగానికీ మోసాలున్నాయి. హోథోర్న్ కర్మాగారంలో 1924లో మొదలైన దీపాల ప్రయోగాల గురించి ప్రతి ఎంబీఏ విద్యార్థీ విన్నాడు: వెలుగు పెంచినా తగ్గించినా ఉత్పత్తి పెరిగిందని, గమనిస్తున్నారన్న స్పృహే కారణమని. 2011లో లెవిట్, లిస్ట్ మూల దత్తాంశాన్ని సంపాదించి మళ్లీ లెక్కిస్తే కథలో చెప్పినంత నాటకీయమైన ప్రభావం కనిపించలేదు. ఇంతకన్నా నిత్యం ఎదురయ్యేది చోటు సమస్య. అమెరికాలో ఇళ్లవారికి వారి విద్యుత్ వాడకాన్ని పొరుగువారితో పోల్చి చూపే నివేదికలు పంపిన ప్రయోగాలను హంట్ ఆల్కాట్ 2015లో విశ్లేషించాడు. తొలి పది చోట్ల వచ్చిన ఫలితాలను బట్టి అంచనా వేస్తే, తరవాతి 101 చోట్ల నిజంగా వచ్చినదానికన్నా చాలా ఎక్కువగా తేలింది. ముందుగా ముందుకొచ్చిన ప్రాంతాలు పర్యావరణం మీద మక్కువ ఎక్కువ ఉన్నవి. మొదట తలుపు తీసే సంస్థ ఎప్పుడూ సగటు సంస్థ కాదు.

సంస్థ నుంచి దేశానికి దూకడం

ఏ పద్ధతి అయినా ఫలితం వచ్చేది సంస్థ స్థాయిలో. శీర్షికలో దేశం ఉంటుంది. ఈ రెంటి మధ్య వంతెనను చాలా థీసిస్‌లు చివరి పేజీలో ఒక్క వాక్యంతో దాటేస్తాయి. మూడు సందేహాలు తీర్చుకోకుండా ఆ వాక్యం రాయకండి. శిక్షణ పొందిన వ్యాపారికి పెరిగిన అమ్మకాలు కొత్తగా పుట్టినవా, పక్క వ్యాపారి నుంచి తరలివచ్చినవా? తరలివస్తే దేశానికి ఒరిగింది సున్నా. తగ్గిన కాలుష్యం నిజంగా తగ్గిందా, సరఫరాదారు గుమ్మంలోకి మారిందా? ఒకరు చేసిన మార్పును చూసి మిగతావారు చేస్తున్నారా, లేక అది ఆ ఒక్కరి గోడల మధ్యే ఉందా? మీ దత్తాంశం వీటికి జవాబివ్వలేకపోతే శీర్షికలోంచి దేశాన్ని తీసేయండి. పరిశోధన చిన్నదైపోదు, నిజాయితీగా ఉంటుంది.

ఎవరికి ఏది

ఏడాది గడువు, సొంత ఖర్చు, ఎవరూ తెలియని స్థితి: ఉన్న లెక్కలతో మొదలుపెట్టి, అందులో వింతగా కనిపించిన రెండు సంస్థలను కేసులుగా తీసుకోండి. నేను ఎక్కువమందికి చెప్పేది ఇదే. అంకెలు ఎక్కడ చూడాలో చూపిస్తాయి, కేసులు ఎందుకో చెబుతాయి. మిశ్రమ పద్ధతి అంటే అసలు అర్థం ఇలా ఒకదాని భుజం మీద మరొకటి నిలబడడం. సర్వే ఒకటి, ఇంటర్వ్యూలు నాలుగు చేసి, రెంటినీ కలిపి కుట్టకుండా చెరో అధ్యాయంలో వదిలేస్తే దాన్ని మిశ్రమం అనలేం.

ఉద్యోగంలో ఉండి ఏదో ఒకటి మార్చే అధికారం ఉంటే యాక్షన్ రీసెర్చ్. కానీ మార్పుకు ముందు ఆరు నెలల లెక్కలు చేతిలో లేకుండా మొదలుపెట్టవద్దు, ఆ తరవాత పోల్చడానికి ఏమీ ఉండదు. సంస్థ లేదా ప్రభుత్వ శాఖ ఎలాగూ ఒక పథకాన్ని విడతలవారీగా అమలు చేయబోతుంటే అది ప్రయోగానికి వరం. ఎవరికి ముందు, ఎవరికి వెనుక అన్నది లాటరీతో తేల్చమని ఒప్పించగలిగితే చాలు, అదనపు ఖర్చు కొద్దిగానే ఉంటుంది. ఆ అవకాశం లేనివారు ప్రయోగం కోసం వెంపర్లాడవద్దు. సర్వే ఒక్కటే దిక్కు అనుకునేవారు జవాబు నిజంగా మనుషుల తలలోనే ఉందా, దారంతో కట్టిన కట్టలో ఉందా అని ఒకసారి చూసుకోండి.

ఏది ఎంచుకున్నా దత్తాంశం సేకరించకముందు ఒక పని చేయండి. చివరికి రాబోయే ఫలితాల పట్టికను ఖాళీ గడులతో గీసి, మొదట రాసుకున్న ఆ పదవిలోని మనిషి దగ్గరకు తీసుకెళ్లండి. ఈ గడిలో పెద్ద అంకె వస్తే మీరేం చేస్తారు, చిన్నది వస్తే ఏం చేస్తారు అని అడగండి. రెండింటికీ ఆయన ఒకే జవాబు చెబితే ఆ ప్రశ్నను అక్కడే వదిలేసి, ఆయనను నిజంగా నిద్రపట్టనివ్వని నిర్ణయం ఏదో అడిగి తెలుసుకోండి. ఆ దశలో మీకు పోయేది ఒక కాగితం, ఒక మధ్యాహ్నం.